పెచ్చులు, మాట్లు, మన ఎర్ర యస్టీ

పోయినసారి పెద్దక్క మన ఇంటి పెళ్లి వంటల గురించి రాసింది. షోలాపూర్ నుంచి, భివండీ నుంచి కూడా మనవాళ్లు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. ఈసారి రాసే వంతు నాకు వచ్చింది. నాకు వంటలు రావు, పాటలు రావు. మనవాళ్లు చెన్నూరు దిక్కు నుంచి ప్రాణహిత దాటి రేగుంటకు ఎప్పుడు వచ్చారన్న లెక్క పెద్దబాపు దగ్గర ఉంది కానీ నా దగ్గర లేదు. నాకు వచ్చిన పని ఒక్కటే, కొత్త బొమ్మను పాతది చేయడం. కాబట్టి దాని గురించే రాస్తున్నాను. మధ్యలో బాపు వస్తాడు. అసలు ఆయన కోసమే ఇది రాస్తున్నానని చదువుతుంటే మీకే తెలుస్తుంది.

బస్సులు, లారీలు చిన్న సైజులో కొలత ప్రకారం చేసి, వాటి మీద రంగు పెచ్చులూడినట్టు, ఎండకు వెలిసినట్టు, దుబ్బ పట్టినట్టు కనిపించేలా చేయడాన్ని వెదరింగ్ అంటారు. తెలుగులో దానికి సరైన మాట నాకు దొరకలేదు. మా అత్తమ్మ ఒకటి పెట్టింది, "ఖరాబు జేసుడు" అని. "అల్లుడు ఏం చేస్తున్నడు?" అని ఎవరైనా అడిగితే "లోపట కూసోని మంచి బొమ్మను ఖరాబు జేస్తున్నడు" అని చెప్తుంది. ఇంతకంటే తక్కువ మాటల్లో నేను కూడా చెప్పలేను.

బొమ్మలు మనకు కొత్త కాదు. నది అవతల ఆదిలాబాద్ దిక్కున నిర్మల్ ఉంది. అక్కడ పొనికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి లప్పం పూసి, నునుపు చేసి రంగు వేస్తారు. పాత కృష్ణా జిల్లా దిక్కు కొండపల్లి వాళ్లదీ అదే దారి, ఆ ముద్దను వాళ్లు మక్కు అంటారు. కానీ చూడండి, కొండపల్లి ఎడ్లబండి ఎప్పుడూ నిన్న చేసిన బండిలాగానే ఉంటుంది. చక్రానికి బురద ఉండదు, కాడి మీద ఎద్దు మెడ రాసుకున్న నునుపు ఉండదు. మన సినిమాల్లో కూడా అంతే. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ద్వారకను చూపించడానికి గోఖలే, కళాధర్ గార్లు మూడు వందల దాకా చిన్న చిన్న ఇళ్లు పేర్చి, లోపల దీపాలు పెట్టారు. మార్కస్ బార్ట్లీ కెమెరాలో అది నిజం నగరమే అయింది. ద్వారక కాబట్టి ఏ గోడకూ పెచ్చు లేదు, ఉండకూడదు కూడా. మన చేతిపనిలో బొమ్మ అంటే పండుగ బట్టలు వేసుకున్న వస్తువు.

పాతగా చేసే అలవాటు వేరే దిక్కు నుంచి వచ్చింది. యూరప్‌లో, అమెరికాలో, జపాన్‌లో యుద్ధపు ట్యాంకులను 35వ వంతు సైజులో చేసేవాళ్లు 1970ల నుంచి దీన్ని ఒక విద్యగా పెంచారు. బెల్జియం వాడైన ఫ్రాంస్వా వెర్లిండెన్, అమెరికాలో షెపర్డ్ పెయిన్ రాసిన పుస్తకాలు చూసి ఎంతోమంది నేర్చుకున్నారు. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' సినిమాలో అంతరిక్ష నౌకలను కూడా కావాలనే మసిపట్టిన, గీతలు పడ్డ పాత సామానులాగా చేశారు. అందుకే అవి ఎవరో రోజూ నడిపే బండ్లు అనిపిస్తాయి. నేను కూడా మొదట్లో ఒక ట్యాంకు కొని చేశాను. బాగానే వచ్చింది, కానీ ట్యాంకు నాకేం చుట్టం? మనకు చుట్టం యస్టీ.

మహారాష్ట్ర బయట ఉన్న పిల్లల కోసం చెప్తున్నా. ఇక్కడ ప్రభుత్వ బస్సును ఎస్టీ అంటారు, అంటే స్టేట్ ట్రాన్స్‌పోర్ట్. పల్లెల్లో నోటికి అది యస్టీ అవుతుంది. మన రేగుంటలో ముసలోళ్లు గాడి అన్నా అదే. 1948 జూన్ 1న పుణె నుంచి అహ్మద్‌నగర్‌కు మొదటి బస్సు కదిలింది. ఆ బస్సు ఎర్రది కాదు, నీలం రంగు, మీద టాపు వెండి రంగు. ఎరుపు తర్వాత వచ్చింది. వచ్చాక ఇంక పోలేదు, 'లాల్ పరీ' అనే ముద్దుపేరు కూడా పడింది.

1948లో మన సిరొంచ తాలూకా ఆ బస్సు నడిచిన రాజ్యంలో లేనే లేదు. అప్పుడు మనం నాగపూర్ రాజధానిగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నాం. 1950లో అది మధ్యప్రదేశ్ అయింది. 1956లో మనల్ని బొంబాయి రాష్ట్రంలో కలిపారు, 1960 మే 1న మహారాష్ట్ర అయింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి చేశారు. తాత ఇల్లు కదలకుండానే ఇన్ని ఊళ్లు తిరిగాడు. మా చిన్నప్పుడు ఒక రేకు బోర్డు మీద గడ్చిరోలి అని రాసిన చోట పెచ్చు లేస్తే కింద నుంచి చంద్రపూర్ అక్షరాలు కనిపించేవి. బడి నుంచి వస్తూ గోటితో ఆ పెచ్చును ఇంకొంచెం గీకేవాళ్లం. నాకు ఈ పిచ్చి ఎక్కడ పట్టిందని అడిగేవాళ్లకు ఆ బోర్డునే చూపిస్తాను.

సరే, బస్సు సంగతి. నేను చేస్తున్నది 1980ల చివర, 90ల మొదట్లో మన ఊళ్లోకి వచ్చిన పాత రకం బండి. సైజు 43వ వంతు. అసలు బండి పది మీటర్ల పైన ఉంటుంది కాబట్టి ఇది జానెడు కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. బజారులో ట్యాంకులకు దొరికినట్టు దీనికి కిట్టు దొరకదు. ప్లాస్టిక్ షీటు కోసి అతికించాను, అద్దాలకు ఓహెచ్‌పీ షీటు, కిటికీ చువ్వలకు సన్న తీగ, చక్రాలు ఒక బొమ్మ లారీవి. రివెట్లకు చాలా తిప్పలు పడ్డాను. పాత యస్టీ ఒంటి నిండా రివెట్ల వరుసలే కదా. చివరికి టూత్‌పిక్ మొనతో ఫెవికాల్ చుక్కలు ఒక్కొక్కటి పెట్టుకుంటూ పోయాను. రెండు ఆదివారాలు అట్లనే గడిచాయి.

రంగు దగ్గరికి వస్తే అసలు విద్య మొదలవుతుంది. ముందు కింద ఉండాల్సిన లోహపు రంగు వేయాలి. దాని మీద ఆడవాళ్లు జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రే రెండు పూతలు పలుచగా కొట్టాలి. అది ఆరాక మీద ఎర్ర అక్రిలిక్ రంగు. ఆ రంగు తాకితే అంటుకోకుండా ఆరిన కాసేపటికి నీళ్లతో తడిపి, పొట్టి గట్టి బ్రష్షుతో మెల్లగా రుద్దితే, నీళ్లు రంగులోంచి దిగి కింద హెయిర్ స్ప్రేను కరిగిస్తాయి. మీది ఎరుపు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. మనం గీసిన పెచ్చుకూ, ఇట్ల నిజంగా లేచిన పెచ్చుకూ తేడా కంటికి ఇట్టే తెలుస్తుంది. దీనికి తమియా వాళ్ల రంగులు బాగా పనిచేస్తాయి. కింద ఎక్స్ఎఫ్-16 అల్యూమినియం, మీద ఎక్స్ఎఫ్-7 ఎరుపు, అందులో చిటికెడు గోధుమ రంగు కలిపాను. బట్టల మీద వేసే చవక అక్రిలిక్‌తో ప్రయత్నించకండి, అది రబ్బరు పొరలాగా సాగుతుంది కానీ పెచ్చులుగా లేవదు. చిన్న చిన్న చుక్కల పెచ్చులకు మాత్రం గిన్నెలు తోమే స్పాంజి ముక్క చింపి, రంగులో ముంచి, కాగితం మీద దాదాపు అంతా అద్దేసి, మిగిలిన దాంతో అంచుల మీద తాకిస్తే చాలు.

ఇక్కడ లెక్క మరిచిపోవద్దు. 43వ వంతు సైజులో ఒక మిల్లీమీటరు అంటే అసలు బండి మీద నాలుగు సెంటీమీటర్ల పైమాట. గోరంత పెచ్చు చూపించాలంటే పావు మిల్లీమీటరు కూడా ఉండకూడదు. ఇంటర్నెట్‌లో చూసే చాలా మోడళ్లు ఈ లెక్క తప్పుతాయి. వాళ్ల పెచ్చులను అసలు సైజులో ఊహించుకుంటే అన్నం పళ్లెమంత ఉంటాయి. ఫొటోలో బాగుంటుందని అట్ల చేస్తారు. నాకు నచ్చదు.

పుణెలో నాలాగే బొమ్మలు చేసే స్నేహితుడు ఒకడున్నాడు. ఫొటోలు పంపితే, "అంతా బాగుంది గానీ తుప్పేది? పెచ్చుల్లో గోధుమ రంగు వెయ్యి" అన్నాడు. వెయ్యలేదు. ఎందుకంటే పాత యస్టీ ఒంటికి చుట్టింది ఇనుము కాదు, అల్యూమినియం పత్ర. దాపోడీ, చికల్‌ఠాణా, నాగపూర్ దగ్గర హింగ్నా వర్క్‌షాపుల్లో ఆ బాడీలు కట్టేవాళ్లు. అల్యూమినియం మీద గాలి తగలగానే పలుచని పొర కట్టి, అదే దానికి కాపలా ఉంటుంది. కాబట్టి ఎరుపు లేచిన చోట ముందు మెరుపు, కొన్నాళ్లకు మబ్బు పట్టిన బూడిద రంగు కనిపిస్తుంది కానీ ఎర్ర తుప్పు కనిపించదు. ఇనుప మేకో, ఇనుప పట్టీయో అల్యూమినియానికి తగిలిన చోట తడి నిలిస్తే తెల్లని పొడి లేస్తుంది. తుప్పు కావాలంటే ఇనుము ఉన్న చోట వెతకాలి: కిటికీ చువ్వల మొదట్లో, బంపరులో, మెట్ల అంచున, వెనక నిచ్చెనకు, చక్రాల నట్లకు. చువ్వల కింద మాత్రం వాన నీళ్లతో దిగిన సన్నని గోధుమ గీతలు వేశాను. ఈమధ్య బండ్లు మైల్డ్ స్టీల్ బాడీతో వస్తున్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత వాటిని ఎవరైనా చేస్తే అప్పుడు తుప్పు పూసుకోవచ్చు.

ఈ అల్యూమినియం సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, బాపు దగ్గర తెలిసింది. మన బాపు ముప్పై ఏళ్ల పైన యస్టీ డిపోలో బాడీ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన సంగతి మీలో పెద్దవాళ్లకు తెలుసు. సొట్టలు తీయడం, పత్ర మార్చడం, రివెట్లు కొట్టడం, లప్పం పెట్టడం, కాగితం రాయడం, రంగు వేయడం ఆయన పని. చిన్నప్పుడు ఆయన ఇంటికి వస్తే గోళ్ల సందుల్లో ఎరుపు ఉండేది. అమ్మ కిరసనాయిలుతో తుడిచేది. అన్నంలో కలిపే చేతికి కూడా థిన్నర్ వాసన వచ్చేది. మాకు అదే బాపు వాసన.

ఎడమ వైపు పూర్తయ్యాక బండిని చెప్పుల డబ్బాలో పాత చీరగుడ్డ చుట్టి పెట్టుకుని రేగుంట తీసుకుపోయాను. బాపు అరుగు మీద కూర్చుని దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చక్రాలు తిప్పి చూశాడు, రివెట్ల వరుస మీద వేలు పెట్టి లెక్కపెట్టినట్టు చూశాడు. మొహం వెలిగింది. తర్వాత వైపు మార్చి పెచ్చులు చూశాడు.

"గిది ఎవల గాడి?" అన్నాడు.

"మనదే బాపు, మన ఊరికి వచ్చేటిది."

"నేనుండంగ గిసొంటి గాడి డిపోల నుంచి బయటికి పోలే" అని డబ్బాలో పెట్టి మూత వేసి, గేదెలకు నీళ్లు పెట్టాలని లేచిపోయాడు. ఆ పూట ఇంక మాట్లాడలేదు. అమ్మ అన్నది, "ఆయనను నలుగుట్ల నిలవెట్టి తిట్టినట్టే అయిందిరా."

రాత్రి పండుకుని ఆలోచిస్తే అమ్మ మాట నిజమే అనిపించింది. నాకు అందంగా కనిపించిన ప్రతి పెచ్చూ ఆయనకు ఎవరో పని ఎగ్గొట్టిన గుర్తు. ఆయన ముప్పై ఏళ్లు మూసిన వాటినే నేను కూర్చుని లేపుతున్నాను. పైగా బాపు పనికి ఇంకో చిక్కుంది. మంచి లప్పం పెడితే అక్కడ లప్పం ఉందని ఎవరికీ తెలియదు. పెచ్చు అందరికీ కనిపిస్తుంది, మూసినవాడు ఎవరికీ కనిపించడు. ఆయన పనిని గుర్తుపెట్టుకోవడానికి నేను బస్సు చేస్తే, అందులో ఆయన లేడు.

ఆయన మాట కోసం బొమ్మను కొత్త బండిలాగా మెరిపించి పెట్టవచ్చు. బాపు కూడా అదే కోరతాడనుకున్నాను. కానీ అట్ల చేస్తే అది షోకేసులో బండి అవుతుంది, రేగుంట బండి కాదు. ఆ దారుల్లో, ఆ ఎండల్లో, ఆ జనంతో తిరిగిన బండి మెరుస్తూ ఉంటే మన ఊరి వాళ్లెవరూ గుర్తుపట్టరు.

మూడో రోజు పొద్దున చాయ్ తాగుతూ ఆయనే ఎత్తుకున్నాడు. "ఎడమ దిక్కు కిటికీల మీద గీతలేవిరా? అడివిల పోయే గాడికి గీతలు లేకుంట ఎట్లుంటయ్?" నిజమే. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. ఎదురుబండికి దారి ఇవ్వాలంటే డ్రైవరు ఇంకా ఎడమకే దించుతాడు. వెదురు కొమ్మలు, టేకు కొమ్మలు ఎడమ వైపే గీరుకుంటాయి. గీతలన్నీ ముందు నుంచి వెనక్కి, కిటికీల పైభాగంలో, పొడుగ్గా ఉంటాయి. కుడి వైపు అంత ఉండవు. ఈ ఒక్క మాటతో నా బస్సు అడవి బస్సు అయింది.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. వెనక చక్రం మీద ఎరుపు ఎందుకు లేస్తుందో తెలుసా? సీటు కోసం కిటికీలోంచి దూరేవాళ్లు కాలు పెట్టేది అక్కడ. కాళేశ్వరం శివరాత్రి జాతర రోజుల్లో అయితే చెప్పనక్కరలేదు. తలుపు పక్కన ఒక అరచేయంత మేర రంగు నునుపుగా అరుగుతుంది, కండక్టరు చేత్తో చరిచి "చలో" అనే చోటు అది. అక్కడ పెచ్చులు ఉండవు, ఉత్త అరుగుడే ఉంటుంది. పెచ్చు వేరు, అరుగుడు వేరు. రాయి తగిలితే పెచ్చు, చెయ్యి తగిలితే అరుగుడు. ముందు చక్రాల వెనక భాగంలో కంకర ఎగిరి తగిలి సన్న చుక్కల పెచ్చులు పడతాయి, కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. కిటికీల కింద ఖర్రా ఉమ్మిన మరకలు నిలువుగా దిగవు, బండి వేగానికి వెనక్కి వంగుతాయి. ఈ చివరిది నేనే అన్నాను. దానికి ఆయన, "డిపోల కడిగేటోళ్లు లేరనుకున్నవా?" అని గద్దించాడు. అయినా రెండు మరకలు ఉంచాను. గడ్చిరోలి, చంద్రపూర్ దిక్కు తిరిగిన బండికి ఖర్రా మరక లేదంటే చూసినవాళ్లు నవ్వుతారు.

అసలైన మాట మాత్రం చివరికి చెప్పాడు. "నువ్వు అన్ని పెచ్చులే పెట్టినవ్. మాట్లేవి?"

మాటు అంటే మీకు తెలుసు, బిందెకు చిల్లు పడితే వేసేది. బాపు బస్సుకు కూడా అదే మాట వాడతాడు. ఎక్కడైనా పత్ర చిరిగినా, పెచ్చు పెద్దదైనా, బండి మొత్తానికి రంగు వెయ్యరు, ఆ చోటు మటుకే బాగుచేసి పంపుతారు. ఎరుపు ఎండకు తొందరగా చస్తుంది. పై పూత విరిగిపోయి, వేలితో రుద్దితే సున్నంలాగా ఎర్ర పొడి అంటుతుంది. టాపు దగ్గర ఇంకా ఎక్కువ. అట్ల వెలిసిన ఎరుపు మధ్యలో నిన్న వేసిన ఎరుపు నిండుగా కనిపిస్తుంది. రెండేళ్ల కిందటి మాటు ఇంకో రకం ఎరుపు. జాగ్రత్తగా చూస్తే ఒక్క బండి మీద నాలుగు ఎరుపులు ఉంటాయి. విమానాల మోడళ్లు చేసేవాళ్లలో కొందరు ఇట్లాంటి తాజా పూతలు చూపిస్తారు కానీ, వెదరింగ్ అంటే ఎక్కువ మందికి పాడైపోవడమే తెలుసు, బాగుచేయడం గుర్తుకు రాదు.

నేను బ్రష్షులు, రంగులు తెప్పించుకుని అక్కడే కూర్చున్నాను. ఎరుపు కలపడం దగ్గర పెద్ద పంచాయితీ నడిచింది. బాపుకు పోయిన ఏడు ఒక కంటికి మోతిబిందు ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. మోతిబిందు పట్టిన కంటికి అన్నీ పసుపుపచ్చ అద్దంలోంచి చూసినట్టు ఉంటాయి, ఆపరేషన్ అయిన కంటికి తెలుపు తెల్లగా, నీలం నీలంగా కనిపిస్తాయి. ఆయన ఒక కన్ను మూసి చూసి "ఇటుక రంగున్నది" అంటాడు, రెండోది మూసి "కాదు, కుంకుమ లెక్కున్నది" అంటాడు. ఏది యస్టీ ఎరుపు? "నేను పనిజేసినప్పుడు రెండు కండ్లు మంచిగనే ఉండె" అని ఆలోచించి, చివరికి ఆపరేషన్ అయిన కన్నే సరైనదని తీర్మానించాడు. ఆ కన్ను చెప్పిన ఎరుపే మాట్లకు వేశాం. పాత ఎరుపుకు రెండో కన్ను పనికొచ్చింది.

ఒక మాటు ఆయనే వేశాడు. భూతద్దం ముక్కు దగ్గర పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. పావు అంగుళం ఉంటుంది, అసలు బండి మీద అడుగుకు కొంచెం తక్కువ. వేసేటప్పుడు చెప్పిన మాటలు రాసుకున్నాను. మాటు ఎప్పుడూ రివెట్ల వరుస దాకా పోవాలి, పత్ర నడుమ ఆపొద్దు, ఆపితే అంచు కనిపిస్తుంది. పెచ్చు మీద నేరుగా రంగు కొడితే గుంట అట్లనే ఉంటుంది. ముందు చుట్టూ కాగితం రాసి అంచు దించాలి, తర్వాత లప్పం, మళ్లీ కాగితం, తర్వాతే ప్రైమర్. లప్పం అనే మాట ఆయన నోట విన్నప్పుడు నిర్మల్ గుర్తుకొచ్చింది, చెప్పాను. "వాళ్లది చింతగింజల లప్పం, మాది డబ్బా లప్పం. రాసుడు మాత్రం అదే రాసుడు" అన్నాడు.

పక్కన నేను వేసిన ఒక మాటు కింద గుంట అంచు కనిపిస్తోంది. తీసేస్తానంటే వద్దన్నాడు. "ఉండనియ్. గది కొత్త హెల్పర్ పిల్లగాని పని. డిపోల అసొంటోడు ఒకడు ఎప్పుడూ ఉంటడు." అప్పటి నుంచి బండి మీద ప్రతి మాటుకూ ఒక మనిషి ఉన్నాడు. ఇది నాది, ఇది ఫలానా వాడిది, ఇది పండుగ ముందు రోజు తొందర్ల వేసింది. వాళ్లలో ఇద్దరు పోయారు. పేర్లు ఇక్కడ రాయను, కానీ నా నోట్‌బుక్కులో బస్సు బొమ్మ గీసి ఏ మాటు ఎవరిదో రాసి పెట్టుకున్నాను.

దుబ్బ సంగతి ఒకటి మిగిలింది. కంపెనీలు సీసాల్లో దుమ్ము రంగు పొడి అమ్ముతాయి, యూరప్ దుమ్ము, ఎడారి దుమ్ము అని పేర్లు పెట్టి. మన దుబ్బ ఉండగా అవెందుకు? ఇంటి ముందర దారి మీది దుబ్బ గుప్పెడు తెచ్చి, పెనం మీద వేయించి తడి పోగొట్టి, రోట్లో నూరి, పలుచని మల్లు గుడ్డలో మూడుసార్లు జల్లించాను. ఇంత మెత్తగా ఎందుకంటే ఇసుక రవ్వ ఒక్కటి మిగిలినా 43వ వంతు సైజులో అది గులకరాయి అవుతుంది. బ్రష్షుతో కిటికీల కింద, మెట్ల మీద, వెనక భాగమంతా అద్ది, మీద చుక్క చుక్కగా థిన్నర్ వదిలితే పట్టుకుంటుంది. వెనక భాగానికే ఎక్కువ దుబ్బ ఎందుకంటే, బండి పోతుంటే లేచిన దుమ్ము దాని వెనకే సుడి తిరిగి అంటుకుంటుంది. అమ్మ పెనం విషయంలో ఇంకా కోపంగానే ఉంది.

ఇంకా పని ఉంది. కుడి వైపు సగం అయింది, మీద సామాను క్యారియర్, వెనక నిచ్చెన కట్టాలి. పుణె స్నేహితుడు పైన మ్యాట్ వార్నిష్ కొట్టమంటున్నాడు, లేకపోతే దుబ్బ రాలిపోతుందట. బాపు వద్దంటున్నాడు, వార్నిష్ కొడితే ఇంక మాటు వెయ్యడానికి రాదని. ఇది ఇంకా తేలలేదు.

మీ అందరితో ఒక పని పడింది. ముందు తగిలించే 'రేగుంట' బోర్డు చేయాలి. దాని మీద మరాఠీ అక్షరాలు ఎట్ల ఉండేవో, అక్షరాల చివర ఎంత వంపు ఉండేదో నాకు సరిగ్గా ఫొటో దొరకలేదు. బాపు చేత్తో రాసి చూపించాడు కానీ పెద్దబాపు అది కాదంటున్నాడు, ఇద్దరికీ మాటలు లేవు. 1985 నుంచి 95 మధ్యలో మన ఇంటి పెళ్లిళ్లకో, చావులకో ఊరికి వచ్చి బస్సు దగ్గర దిగిన ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే వెనకాల చూడండి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు సిరొంచ వచ్చినప్పుడు తీసుకున్న ఫొటోలు కూడా వెతకండి. బోర్డు కొత్తదే అయినా, వెనక నిలబడ్డ బండ్లలో పాతది ఒకటైనా ఉండవచ్చు. మనుషుల మొహాలు మసకగా ఉన్నా పర్వాలేదు, బస్సు ముందు భాగం కనిపిస్తే చాలు. నాకే పంపండి. బాపుకు పంపితే ఆయన ఫోను చూడడు.